రాయలవారి ఫ్లెక్సీ వద్దు, ‘ఆదిత్య 369’ వేయండి

ఈసారి కూడా పోస్టు పొడుగే. సగం చదివి బొటనవేలు గుర్తు పెట్టి పోయే అన్నలకు ముందే చెబుతున్నాం, కింద మీ గురించి కూడా రెండు మాటలున్నాయి. కాబట్టి చివరిదాకా చదవండి.

సంగతి మీకు తెలిసిందే. ఉగాది సాయంత్రం పిల్లల కోసం తెర కట్టి ‘ఆదిత్య 369’ సినిమా వేద్దామని మేము కొందరం కార్యవర్గానికి రాసిచ్చినాం. అప్పటినుంచి గ్రూపులో ఒకటే రచ్చ. వచ్చిన అభ్యంతరాలన్నీ కూడితే మూడు తేలినాయి.

ఒకటి: “ముప్పై ఏళ్ళు దాటిన సినిమా. అట్టముక్కల సెట్టింగులు, మినుకు మినుకుమనే లైట్లు. ఇప్పటి పిల్లలు చూసి నవ్వుతారు.”

రెండు: “వేస్తే వేయండి, కానీ రాయలవారి భాగం ఒక్కటే వేయండి. టైం మెషీన్ గోల మనకెందుకు? పక్కన ‘తెలుగు చక్రవర్తి’ అని పెద్ద ఫ్లెక్సీ కట్టండి. మనమెవరమో ఊరికి తెలియాల.”

మూడు: “బాలయ్య సినిమా అంటే యూత్ వస్తారు. డీజే పెట్టి, కేకు కోసి, ఎంట్రీ సీను రెండుసార్లు వేసి ముగిద్దాం. మొత్తం సినిమా ఎవరు కూర్చుని చూస్తారప్పా?”

మూడింటికీ జవాబు చెబుతాం. చెప్పే ముందు, సినిమా చూడని చిన్నోళ్ళ కోసం నాలుగు ముక్కలు.

‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైంది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారు, నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ గారు, సమర్పణ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. రాయల కాలం నాటి వజ్రం ఒకటి మ్యూజియంలోంచి దొంగతనానికి గురవుతుంది, అది ఒక పిల్లవాడి కంట పడుతుంది. ఇంకోవైపు ఒక ప్రొఫెసర్ కాలంలో ప్రయాణించే యంత్రం తయారు చేసుకుని ఉంటాడు. హీరో, ప్రొఫెసరు కూతురు, వాళ్ళతోపాటు ఒక పోలీసు కానిస్టేబులు ఆ యంత్రంలో చిక్కుకుని 1526 నాటి విజయనగరంలో తేలుతారు. అక్కణ్ణుంచి 2504కు పోతారు. మళ్ళీ మన కాలానికి వచ్చి దొంగ సంగతి తేలుస్తారు. కథ ఇంతే. చందమామ చదివిన ఇంట్లో పెరిగిన ఎవరికైనా అర్థమయ్యే కథ.

ఇక మొదటి మాట, అట్టముక్కల గురించి.

ఆ సెట్టింగులు పాతబడినాయని మేము కాదనం. అయితే ఒక సంగతి గుర్తు చేసుకోండి. ఆ సినిమా వచ్చిన రోజుకే దాని తీరు పాతది. కావాలనే పాతది. అదే జులై నెలలో అమెరికాలో ‘టెర్మినేటర్ 2’ విడుదలైంది, కంప్యూటరుతో చేసిన కరిగే లోహపు మనిషి అందులో ఉన్నాడు. ప్రపంచం అటు పోతున్న నెలలో సింగీతం గారు చేతిలోకి తీసుకున్నది 1895లో హెచ్.జి. వెల్స్ రాసిన నవల తాలూకు ఊహ. కాలేజీ రోజుల్లో చదివిన ఆ పుస్తకమే దీనికి విత్తనమని ఆయనే చెప్పినారు. మనిషి లోపల కూర్చుని, కట్టె తిప్పి, గుండీ నొక్కి, తేదీ పెట్టుకుని పోయే బండి అది. పాతకాలపు ముసలాయన గడియారం విప్పి బాగు చేసినట్టు ప్రొఫెసరు ఇంట్లోనే దాన్ని చేసుకుంటాడు.

ఆకర్షణ అంతా అక్కడుంది. ఇప్పటి పెద్ద సినిమాల్లో వింత జరిగితే పిల్లలు “గ్రాఫిక్స్” అని ఒక్కమాట అనేసి ఫోను చూసుకుంటారు. ఎట్ల జరిగిందని అడగరు. అడగడానికేమీ మిగలదు, ఎక్కడో ఎవరో కంప్యూటరులో చేసినారు, అంతే. ఈ సినిమాలో యంత్రం కళ్ళెదుట ఉంటుంది. తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. లైటు వెలుగుతుంది, అంకెలు తిరుగుతాయి. అది చూసిన పిల్లవాడు ఇంటికి పోయి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు తలుపు కోసి, లోపల టార్చి కట్టి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి రాయల కాలానికి పంపుతాడు. చేసి చూడాలనిపించే వింత వేరు, చూసి మరిచిపోయే వింత వేరు. మనకు ఏది కావాలో చెప్పండి.

“తెలుగువాళ్ళకు సైన్సు సినిమా అబ్బదు” అని ఇంకొక అన్న రాసినాడు. ఆ అన్న ‘మాయాబజార్’ చూడలేదా? 1957 నాటి ఆ సినిమాలో ప్రియదర్శిని పెట్టె ఉంది. తెరిచినవాళ్ళకు ఇష్టమైన మనిషి అందులో కనపడతారు. ఇప్పుడు మనం అమెరికాలో ఉన్న మనవరాలితో రాత్రిపూట మాట్లాడే వీడియో కాలు అదే కదా. లడ్డూలు వాటంతట అవి ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడింది కంప్యూటరుతో కాదు, మార్కస్ బార్ట్లే కెమెరాతో. ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసి నేర్చుకున్నవారే సింగీతం గారు. జానపద సినిమాలో మాంత్రికుడి గుహ ఉండే చోట ఈయన ప్రొఫెసరు ప్రయోగశాల పెట్టినారు, మంత్రదండం ఉండే చోట యంత్రం పెట్టినారు. అందుకే మన పెద్దవాళ్ళకు కూడా ఆ సినిమా పరాయిదిగా తోచలేదు. సైన్సు పేరు తెలియని అవ్వలు కూడా “పాతాళభైరవి లాగానే ఉందే” అని చూసినారు.

ఇంకో వివరం. మూడు కాలాలకు మూడు చేతులు పడినాయి ఈ సినిమాలో. వర్తమానాన్ని పి.సి. శ్రీరామ్ గారు, విజయనగరాన్ని వి.ఎస్.ఆర్. స్వామి గారు, భవిష్యత్తును కబీర్ లాల్ గారు తీసినారు. శ్రీరామ్ గారి ఆరోగ్యం బాగాలేక జరిగిన మార్పు ఇది. అయినా చూసేవాళ్ళకు మాత్రం కాలం మారినప్పుడల్లా వెలుతురే మారినట్టుంటుంది. పిల్లలకు ఇది చూపించి, “మూడు చోట్లా రంగు ఎట్ల మారిందో చెప్పండి” అని అడిగితే ఒక పాఠం అవుతుంది. డీజేతో ఏ పాఠం చెబుతారు?

తప్పులు లేవా? ఉన్నాయి. 2504 భాగం తొందర తొందరగా ముగుస్తుంది, ఇంకాసేపు ఉండాల్సింది. చివరి ఫైటింగు మామూలు సినిమా ఫైటింగే. కొన్ని హాస్యాలు ఈ రోజున ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఇబ్బందిగా ఉంటాయి. ఇవి దాచిపెట్టి “కళాఖండం” అని చెప్పే అవసరం మాకు లేదు. కొన్ని తప్పులున్నా పిల్లవాడిలో ప్రశ్న పుట్టించే సినిమా ఇది, తప్పు లేకుండా నిద్ర పుచ్చే కార్యక్రమాలు మనం ఏడాదికి నాలుగు చేస్తున్నాం.

ఇక రెండో మాట. ఫ్లెక్సీ.

దీనికే మాకు ఎక్కువ కోపం వచ్చింది. కోపం మనుషుల మీద కాదు, ఆ ఆలోచన మీద. రాయలవారి భాగం మాత్రం కోసి వేయమన్న పెద్దలు సినిమా సరిగ్గా చూడలేదని మా అనుమానం. అందులో విజయనగరం గుడిలో దేవుడి లాగా లేదు. ఒక ఊరు లాగా ఉంది. తెనాలి రామకృష్ణుడు వచ్చి మనతో నవ్వుతాడు, చంద్రమోహన్ గారు ఆ వేషం వేసినారు. రాజనర్తకి పన్నాగం పన్నుతుంది. ఈ కాలం నుంచి పోయిన అమాయకుడు ఆ పన్నాగంలో ఇరుక్కుని మరణశిక్ష దాకా పోతాడు. అంటే ఏమి చెబుతున్నారు సింగీతం గారు? ఆ కాలం అందంగా ఉంది, సంగీతం ఉంది, కవిత్వం ఉంది, కుట్ర కూడా ఉంది, అక్కడికి పోతే నీ తల కూడా పోవచ్చు, చూసి తిరిగి రా అంటున్నారు. అక్కడే ఉండిపొమ్మని చెప్పలేదు.

ఇంకొక్క సంగతి పట్టుకోండి. ఈ కథలో దొంగ ఎవరు? అమ్రిష్ పురి వేసిన రాజా వర్మ. పైకి పెద్దమనిషి. అతని జబ్బు ఏమిటంటే, పాత వస్తువులు, చరిత్ర గల వస్తువులు అన్నీ తన ఒక్కడి దగ్గరే ఉండాల. నలుగురూ చూసే మ్యూజియంలో ఉండకూడదు. గతమంతా నాదే, ఇంకెవరిదీ కాదు అనేవాణ్ణి ఈ సినిమా విలన్ చేసింది. “రాయలు మావాడే, మీవాడు కాదు” అని ఊరి నడిబొడ్డున ఫ్లెక్సీ కట్టమనేవాళ్ళు ఈ ఒక్క విషయం నిమ్మళంగా ఆలోచించుకోండి.

మనం ఉండేది బళ్ళారిలో. హంపి మనకు 60 కిలోమీటర్ల పైచిలుకు. మన పిల్లలు కన్నడ పాఠంలో రాయలవారిని చదువుతారు, ఇంట్లో తెలుగు కథలో వింటారు. ఈ రెండు చెవుల్లో ఏదో ఒకటి మూసుకోమంటే ఎట్ల? రాయలవారు తెలుగులో ఆముక్తమాల్యద రాసినారు. ఆయన బిరుదుల్లో ‘కన్నడరాజ్య రమారమణ’ ఉంది. ఆయన ప్రోత్సాహంతోనే తిమ్మణ్ణ కవి కన్నడ భారతాన్ని పూర్తి చేసినాడు. ఆయన శాసనాలు కన్నడంలో ఉన్నాయి, తెలుగులో ఉన్నాయి, తమిళంలో ఉన్నాయి, సంస్కృతంలో ఉన్నాయి. ఆయన ఏ భాషనూ తరిమేయలేదు. మనం ఆయన పేరుమీద తరుముదామా?

సినిమాల్లోనూ అంతే. 1956లో ‘తెనాలి రామకృష్ణ’లో, 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’లో ఎన్టీఆర్ గారు రాయలవారైనారు. 1970లో కన్నడంలో పంతులు గారు తీసిన ‘శ్రీకృష్ణదేవరాయ’లో రాజ్‌కుమార్ గారు రాయలవారైనారు. మన ఇళ్ళలోని ముసలివాళ్ళు రెండూ చూసినారు, రెండింటికీ చప్పట్లు కొట్టినారు. వాళ్ళకు లేని తగాదా మనకు ఎక్కడినుంచి వచ్చింది?

చరిత్ర అంటే గొప్పలు చెప్పుకోవడం అనుకునేవాళ్ళకు మన ఊరి చరిత్రే జవాబు చెబుతుంది. ఇక్కడ కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్ సెవెల్ 1900లో విజయనగరం మీద పుస్తకం తెచ్చి, పేస్, నూనిజ్ అనే పోర్చుగీసువాళ్ళ రాతలను ఇంగ్లీషు చదివేవాళ్ళ ముందు పెట్టినాడు. ఆ కాలంలోనే మన బళ్ళారి కోలాచలం శ్రీనివాసరావు గారు విజయనగరం మీద తెలుగులో నాటకం రాసినారు. దేని మీద రాసినారు? పట్టాభిషేకం మీద కాదు, పతనం మీద. ఎందుకు కూలింది, ఎవరు ఏ తప్పు చేసినారు అని అడుగుతూ రాసినారు. అందులో మన బళ్ళారి రాఘవ గారికి పేరు తెచ్చిన వేషం ఏది? రాయలు కాదు, రామరాజు కాదు. పఠాను రుస్తుం. ఎదుటి పక్షం మనిషి. మన ఊరి అందరికంటే పెద్ద నటుడు ఎదుటివాడి చర్మంలోకి దూరి నటిస్తే జనం నీరాజనం పట్టినారు. నూరేళ్ళ కిందట మన పెద్దవాళ్ళకు అంత గుండె ఉండింది. వాళ్ళ పేరుతో కళామందిరం కట్టుకుని, దాని ముందర “మాదే మాదే” అని ఫ్లెక్సీ కడితే ఆ పెద్దమనుషులు సిగ్గుపడరా?

1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, బళ్ళారి ఇటు వచ్చింది. ఆ గాయం గురించి ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవాళ్ళమే మేమందరం. కానీ అప్పటినుంచి డెబ్భై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళో పెళ్ళికి పందిరి వేసేటప్పుడు, చావుకు పాడె మోసేటప్పుడు మనతో నిలబడింది పక్కింటి కన్నడ మనిషే. ఒక ఫ్లెక్సీ దింపడానికి గంట చాలు. అది చెడగొట్టే మాట సరిచేయడానికి పదేళ్ళు పడుతుంది. మన పిల్లలు ఆ పదేళ్ళూ ఇక్కడే చదువుకోవాల.

మూడో మాట. కేకు, డీజే.

2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ని కొత్తగా 4కె ముద్రణలో మళ్ళీ విడుదల చేసినారు. సంతోషమే. కానీ రీ-రిలీజులు ఈమధ్య ఎట్ల జరుగుతున్నాయో మీరందరూ చూస్తున్నారు. హీరో రాగానే కాగితాలు ఎగరేయడం, తెర ముందుకు పోయి ఎగరడం, ఒక పాట అయిపోగానే బయటికి వచ్చేయడం. సినిమాను చూడడానికి కాదు, తమను తాము చూసుకోవడానికి పోతున్నారు. యువకులు సంతోషపడితే మాకు కడుపుమంట లేదు. థియేటరులో చేసుకోండి. సంఘం సొమ్ముతో పిల్లల పండుగలో వద్దంటున్నాం.

పైగా ఇది ఒక్క హీరో సినిమా అని ఎవరు చెప్పినారు? బాలకృష్ణ గారు రెండు వేషాలూ బాగా వేసినారు, తండ్రి వేసిన రాయల కిరీటం తనూ పెట్టుకున్నారు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ పేర్లు వరసగా చూడండి. సంగీతం ఇళయరాజా. కెమెరా శ్రీరామ్. కథానాయిక మోహిని, తమిళ అమ్మాయి. ప్రొఫెసరు టిన్నూ ఆనంద్, విలన్ అమ్రిష్ పురి, ఇద్దరూ బొంబాయి నుంచి. రాజనర్తకిగా వేసిన సిల్క్ స్మిత గారు తెలుగు ఆడపడుచు, పేరు తెచ్చుకుంది తమిళంలో. ఇక సింగీతం గారు 1987లో బెంగుళూరు వీధుల్లో మాటలే లేని ‘పుష్పక విమానం’ తీసినారు. రాజ్‌కుమార్ గారితో కన్నడంలో ‘హాలు జేను’, ‘చలిసువ మోడగళు’ తీసినారు. కమల్ హాసన్ గారితో తమిళంలో ‘అపూర్వ సహోదరర్గళ్’ తీసినారు. ఇన్ని ఊళ్ళ నీళ్ళు తాగిన మనిషి తెలుగులో ఒక వింత కథ చెబితే అది మనలాంటి సరిహద్దు తెలుగువాళ్ళ కథ కాకుండా ఎట్ల పోతుంది? మనం కూడా అంతే కదా. ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాష, ఆఫీసులో ఇంకొక భాష. ‘స్వచ్ఛమైన తెలుగువాళ్ళు’ మాత్రమే కలిసి ఉంటే ఈ సినిమా ఉండేదే కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం.

ఆ సినిమా ఒక్క గతంతో ఆగలేదు. 2504కు పోయింది. అక్కడ మనుషులు నేల కింద బతుకుతుంటారు. మూడో ప్రపంచ యుద్ధం తర్వాత పైన రేడియేషన్, పీల్చే గాలి లేదు. 1991లో అది ఉబుసుపోక రాసిన మాట కాదు. చెర్నోబిల్ అణుకేంద్రం పేలి అప్పటికి ఐదేళ్ళు. గల్ఫ్ యుద్ధం ముగిసి నెలలే. సినిమా వచ్చిన ఆరు రోజులకు, జులై 24న, పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం ఈ దేశపు ఆర్థిక దారినే మార్చిన బడ్జెట్టు పెట్టింది. ముందు ఏమౌతుందో ఎవరికీ తెలియని రోజుల్లో ఒక తెలుగు సినిమా పిల్లలను కూర్చోబెట్టి “ముందు ఇట్ల కూడా కావచ్చు, చూసుకోండి” అని చెప్పింది.

ఆ భాగం మన పిల్లలకు అర్థం కాదా? సండూరు దారిలో ఎర్రదుమ్ము కప్పిన చెట్లను చూసిన పిల్లలకు అర్థం కాదా? ఇక్కడ గనుల తవ్వకం ఎంత దూరం పోయిందంటే 2011 జులైలో సుప్రీంకోర్టే ఆపమని చెప్పాల్సి వచ్చింది. బళ్ళారి ఎండాకాలం, తుంగభద్ర కాలువలో నీటి కోసం జరిగే గొడవ, ఇవన్నీ చూస్తూ పెరుగుతున్నారు వాళ్ళు. “2504లో బళ్ళారి ఎట్ల ఉంటుంది?” అని అడగండి. మనకంటే బాగా చెబుతారు. మనం అడగనే అడగం. మన సంఘం కార్యక్రమాల జాబితా తీసి చూడండి: రాయల జయంతి, కవుల జయంతులు, పద్యాల పోటీ, పాత పాటల కచేరి. అన్నీ మంచివే. కానీ అన్నీ వెనక్కి పోయేవే. సింగీతం గారి యంత్రానికి రెండు వైపులా పోయే శక్తి ఉంది. మనం మన సంఘాన్ని ఒకవైపే పోయే బండిగా చేసుకున్నాం.

దాని ఫలితం చూస్తున్నాం. పిల్లలు ఉగాదికి వస్తారు, ఓళిగలు తింటారు, పెద్దల ఉపన్యాసం మొదలుకాగానే మెట్ల మీద కూర్చుని ఫోన్లు తీస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో ఎంతమందికి తెలుగు అక్షరాలు వచ్చో మీ మీ ఇళ్ళలోనే లెక్క చూసుకోండి, మేము అంకెలు చెప్పం. ఇంకో తరం పోతే మాట కూడా ఉండదు. “మన భాష గొప్పది” అని చెబితే భాష నిలవదు. ఆ భాషలో తమకు ఇష్టమైనది ఏదో ఒకటి జరగాల. నవ్వు జరగాల, భయం జరగాల, “తర్వాత ఏమైంది?” అనే ఆత్రం జరగాల. ఏడేళ్ళ పిల్లకు పద్యం ముందు కాదు, టైం మెషీన్ ముందు. ఆ యంత్రం ఎక్కి వాళ్ళే ఒకరోజు తెనాలి రామకృష్ణుడి దగ్గరికి పోతారు, పద్యం అడుగుతారు.

పిల్లలు చూడరు అనేవాళ్ళకు ఒక్క మాట. 2024లో వచ్చిన ‘కల్కి’ని పిల్లలు ఎగబడి చూసినారు కదా. ఆ సినిమా తీసేటప్పుడు నాగ్ అశ్విన్ గారు మార్గదర్శకుడిగా పిలుచుకున్నది సింగీతం గారినే. వందల కోట్ల సినిమా తీసేవాళ్ళకు ఆ పెద్దాయన దగ్గర నేర్చుకునేది ఉందనిపించింది. మనకు మాత్రం అట్టముక్కలే కనపడినాయి.

విమర్శించి ఊరుకోవడం మా పద్ధతి కాదు. ఇవి మా ప్రతిపాదనలు.

ఒకటి. సినిమా మొత్తం వేయాల, కోతలు లేకుండా. ఎక్కడో దొరికింది కదా అని ఫోనుకు తీగ తగిలించి వేయడం కాదు. పదిమందిలో ప్రదర్శించాలంటే హక్కుదారుల అనుమతి అడగాల, రుసుము ఉంటే కట్టాల. ఆ ఉత్తరం రాసే పని మాకు వదిలేయండి. తెర, ప్రొజెక్టరు, సౌండు బాడుగలో మా వంతు మేము చందా వేస్తాం.

రెండు. సినిమాకు ముందు ఆదివారం పిల్లలను హంపికి తీసుకుపోదాం. విరూపాక్ష దేవాలయంలో రాయల పట్టాభిషేకపు శాసనం చూపిద్దాం, ఏకశిలలా కనపడే రాతిరథం చూపిద్దాం. “ఇక్కడ మీ యంత్రం దిగితే మొదట ఎవరిని కలుస్తారు?” అని అడుగుదాం. అంతే. ఉపన్యాసం వద్దు.

మూడు. వీధిలోని కన్నడ ఇళ్ళకు ఆహ్వానం ఇద్దాం. సినిమాకు ముందు ఒక పిల్ల తెలుగులో, ఒక పిల్లవాడు కన్నడంలో ఐదు నిమిషాల్లో కథ చెప్పాల. ఫ్లెక్సీ కడితే ఒకటే కట్టండి, మూడు తేదీలతో: 1526, 1991, 2504. మనిషి ఫోటో ఎవరిదీ వద్దు, హీరోదీ వద్దు, కార్యదర్శిదీ వద్దు.

నాలుగు. సినిమా అయినాక పిల్లలు 2504 నాటి బళ్ళారి బొమ్మ వేయాల, కింద నాలుగు వాక్యాలు తెలుగులో రాయాల. అక్షరాలు రానివాళ్ళకు పక్కన కూర్చుని రాయించడానికి మనలో పదిమంది పెద్దలు కావాల. బహుమతులు వద్దు, బొమ్మలన్నీ గోడకు అంటిద్దాం.

ఐదు. తినడానికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇందులో మాత్రం అందరికీ ఏకాభిప్రాయం ఉందని మా నమ్మకం.

డీజే కావాలన్న తమ్ముళ్ళకు కూడా పని ఉంది. ఆ యంత్రం నమూనా అట్టతో మీరే చేసి గేటు దగ్గర పెట్టండి. లోపల లైటు, పక్కన కట్టె, పైన తిరిగే అంకెలు. చిన్నపిల్లలు ఒక్కొక్కరే ఎక్కి దిగాల. పొద్దుటినుంచి సాయంత్రం దాకా మీరు అక్కడ చేసే సందడిని మేము ఎవరం ఆపం.

పెద్దలకు మా మనవి. మీరు రాయలవారిని ప్రేమిస్తారు, మేమూ ప్రేమిస్తాం. తగాదా ప్రేమ గురించి కాదు. పిల్లవాడు రాయలవారి దగ్గరికి కుతూహలంతో పోవాలా, లేక మన భుజాల మీద కూర్చుని నినాదం చేస్తూ పోవాలా అన్నదే తగాదా. సినిమాలో ఆ యంత్రం ఎక్కినవాళ్ళెవరూ జెండా పట్టుకుని పోలేదు. దిక్కు తెలియక పోయినారు, చూసినారు, భయపడినారు, నేర్చుకుని తిరిగి వచ్చినారు.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చేతులెత్తి తేల్చాలని కార్యవర్గం చెప్పింది. గ్రూపులో బొటనవేలు పెట్టే అన్నలూ, అక్కలూ, ఆ వేలితోపాటు మిగతా నాలుగు వేళ్ళు కూడా ఎత్తడానికి ఆరోజు రండి. వచ్చేటప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని రండి. వాళ్ళకు ఓటు లేదు, నిజమే. కానీ ఈ తీర్మానం వాళ్ళ గురించే కాబట్టి, వాళ్ళ ముందే మాట్లాడుకుందాం.